మాత్రలు రాసేది ఒకరు, బీపీ చూసేది ఎవరు?

క్లుప్తంగా

లేని మాటలు వినిపించే, లేనిపోని నమ్మకాలు కలిగే స్కిజోఫ్రీనియా, ఉత్సాహం, కుంగుబాటు మధ్య మనసు ఊగే బైపోలార్ వంటి తీవ్ర మానసిక వ్యాధులు ఉన్నవారు మిగతా జనం కంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం గుండె జబ్బు, షుగర్, ఊపిరితిత్తుల జబ్బులు, ఇన్ఫెక్షన్లు. వీటిలో చాలావాటిని ముందే కనిపెట్టడానికి బరువు మిషను, టేపు, బీపీ మిషను, కొన్ని మామూలు రక్త పరీక్షలు చాలు. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉన్నాయి. వాటిని ఈ రోగులకు వాడే బాధ్యత ఎవరిదో తేల్చకపోవడమే అసలు లోపం.

ముందే పోతున్న ప్రాణాలు

స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి యాభై ఏళ్లకే పోయాడని తెలిస్తే చుట్టుపక్కల వాళ్లకు మొదట తట్టేది ఆత్మహత్య. ఆ అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఈ వ్యాధుల్లో ఆత్మహత్య ముప్పు మామూలు కంటే చాలా ఎక్కువ. వ్యాధి బయటపడిన తొలి ఏళ్లలో, ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన తొలి వారాల్లో అది మరీ ఎక్కువ. అయినా రకరకాల దేశాల మరణాల రికార్డులు చూస్తే, ముందే పోతున్న ప్రాణాల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఒంటి జబ్బుల వల్లే పోతున్నాయి. అందులో మొదటి స్థానం గుండె, రక్తనాళాల జబ్బులది.

సంపన్న దేశాల్లో గత నలభై యాభై ఏళ్లలో గుండెపోటు మరణాలు బాగా తగ్గాయి. పొగతాగడం తగ్గింది, బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు వచ్చాయి, స్టెంట్లు మామూలైపోయాయి. ఆ మేలు అందరికీ సమానంగా అందలేదు. మానసిక వ్యాధి ఉన్నవారికి తక్కువగా అందింది. అందుకే వైద్యం ఇంత ముందుకు పోయినా వీళ్లకీ మిగతా వాళ్లకీ ఆయుష్షులో ఉన్న తేడా తగ్గలేదు. కొన్ని దేశాల్లో పెరిగింది కూడా.

పేద దేశాల్లో చిత్రం ఇంకోలా ఉంటుంది. ఇథియోపియాలోని బుటజీరా ప్రాంతంలో తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారిని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధకులు, వాళ్లు సుమారు 30 ఏళ్ల ముందే చనిపోతున్నారని, ఆ మరణాల్లో సగం దాకా ఇన్ఫెక్షన్లవేనని తేల్చారు. అక్కడి ప్రధాన సమస్య ఊబకాయం కాదు. తిండి చాలకపోవడం, క్షయ వంటి అంటువ్యాధులు, సమయానికి ఆసుపత్రికి చేరలేకపోవడం.

మన దేశంలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. క్రమం తప్పకుండా మందులు వాడుతున్న పట్టణపు యువకుడికి పాతికేళ్లకే పొట్ట, ముప్పై ఏళ్లకే షుగర్ వస్తున్నాయి. మందులే లేకుండా బస్టాండులో తిరిగే మనిషికి రక్తహీనత, క్షయ, మానని పుండ్లు. ఇద్దరి వ్యాధికీ పేరు ఒకటే. ఒంటికి కావలసిన వైద్యం మాత్రం వేరు వేరు. ఒకే ప్యాకేజీతో ఇద్దరినీ చూడాలనుకునే పథకం ఎవరో ఒకరిని వదిలేస్తుంది.

మందు తెచ్చే ముప్పు, మందు కాపాడే ప్రాణం

స్కిజోఫ్రీనియాకు వాడే కొత్త తరం మందుల్లో ఓలాంజపిన్, క్లోజపిన్ ఆకలిని విపరీతంగా పెంచుతాయి. కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు సరిగా అందదు. భోజనం చేసిన గంటకే మళ్లీ అన్నం అడుగుతున్నాడని తల్లులు చెప్పేది దీని గురించే. దాన్ని తిండిపోతుతనం అనుకుని కోప్పడే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ ఆకలి మందు తెచ్చినదని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. బరువు అత్యంత వేగంగా పెరిగేది మందు మొదలుపెట్టిన తొలి వారాలు, తొలి నెలల్లోనే. బరువు పెరగకపోయినా ఈ మందులు ఇన్సులిన్ పనితీరును నేరుగా దెబ్బతీయగలవు. నడుము చుట్టుకొలత, బీపీ, షుగర్, కొవ్వులు కలిసి చెడిపోయే స్థితిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారిలో ఇది దాదాపు ముగ్గురిలో ఒకరికి ఉందని 2015లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష తేల్చింది. భారతీయులకు నడుము చుట్టూ కొవ్వు పేరుకునే తత్వం అసలే ఎక్కువ. అందుకే మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలన్న తక్కువ హద్దును ఇక్కడ పాటిస్తారు.

ఇదంతా చదివి మందు ఆపేయాలనుకుంటే అంతకంటే ప్రమాదం ఉండదు. ఫిన్లాండ్‌లో జాతీయ రికార్డుల ఆధారంగా వేల మంది స్కిజోఫ్రీనియా రోగులను దశాబ్దాల పాటు పరిశీలించారు. ఈ వ్యాధికి ఇచ్చే యాంటీసైకోటిక్ మందులు ఏవీ వాడని వాళ్లలోనే మరణాలు ఎక్కువ. అన్నిటికంటే తక్కువ మరణాలు కనిపించినది క్లోజపిన్ వాడిన వాళ్లలో. బరువును, షుగర్‌ను అంతగా పెంచే మందు ప్రాణాన్ని కాపాడటం మొదట వింతగా తోస్తుంది. మనసు కుదుటపడిన మనిషి వేళకు తింటాడు, నిద్రపోతాడు, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాడు, ఆత్మహత్య ఆలోచన తగ్గుతుంది. క్లోజపిన్ వాడేవాళ్లు రక్తపరీక్షల కోసం తరచూ ఆసుపత్రికి రావాల్సి ఉండటం కూడా ఒక కారణం కావచ్చు.

ఆ రక్తపరీక్షల కథ ఈ విషయం మొత్తానికి కీలకం. 1975లో ఫిన్లాండ్‌లో క్లోజపిన్ వాడిన కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోయాయి. చాలా చోట్ల ఆ మందును వెనక్కి తీసుకున్నారు. మరే మందుకూ లొంగని స్కిజోఫ్రీనియాకు ఇది పనిచేస్తుందని తేలాక, కచ్చితమైన షరతుతో తిరిగి తెచ్చారు: మొదట్లో వారం వారం, ఆ తర్వాత కొంత ఎడంగా తెల్లకణాల లెక్క చూడాల్సిందే. బ్రిటన్ వంటి చోట్ల ఆ రిపోర్టు లేకపోతే మందుల షాపు మాత్ర ఇవ్వదు. నియమం గట్టిగా ఉంది కాబట్టి పరీక్ష జరుగుతోంది. అదే క్లోజపిన్ పేగుల కదలికను కూడా మందగింపజేస్తుంది. మలబద్ధకం ముదిరి పేగు పూర్తిగా స్తంభించి మనుషులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిపై హెచ్చరికను మరింత గట్టి చేసింది. కానీ విరేచనం సాఫీగా అవుతోందా అని అడగకపోతే మందు ఆగిపోయే ఏర్పాటు ఎక్కడా లేదు. సిగ్గుపడి రోగి చెప్పడు, హడావిడిలో డాక్టరు అడగడు. ఒకే మందు తెచ్చే రెండు ప్రాణాపాయాల్లో ఒకదాని మీద అంత నిఘా, రెండోదాని మీద ఏమీ లేదు.

లిథియం, ఎండాకాలం, టెల్మిసార్టన్

బైపోలార్‌కు లిథియం పాత మందు, మంచి మందు. రక్తంలో దాని మోతాదు లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషమవుతుంది. మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య ఇంత తక్కువ ఎడం ఉన్న మందులు కొన్నే. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో పొలం పనికి వెళ్లి చెమటలు కక్కే మనిషికి, వాంతులు విరేచనాలు పట్టుకున్న మనిషికి, రోజూ వేసుకునే అదే మాత్ర ఎక్కువైపోతుంది. చేతులు బాగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం, మగతగా ఉండటం దాని గుర్తులు. తాగాడనుకుని వదిలేస్తారు. లేదంటే రోగం తిరగబెట్టిందనుకుంటారు. స్కిజోఫ్రీనియా మందులతో పాటు చేతుల వణుకు తగ్గడానికి రాసే ట్రైహెక్సిఫెనిడిల్, అందరూ పాసిటేన్ అని పిలిచే మాత్ర, చెమట పట్టడాన్ని తగ్గిస్తుంది. వడదెబ్బ ముప్పును పెంచే మందుల్లో అదీ ఒకటి. ఎండాకాలం జాగ్రత్తల ప్రకటనల్లో పిల్లలు, గర్భిణులు, వృద్ధులతో పాటు ఈ మందులు వాడేవారి ప్రస్తావన కూడా ఉండాలి.

లిథియం వాడుతున్న మనిషికి మోకాళ్ల నొప్పులు వస్తాయి. ఊళ్లో ఆర్ఎంపీ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తాడు. ఆ కుటుంబంలోని నొప్పి మందులు చాలావరకు లిథియం మోతాదును పెంచేవే. ఇంకొన్నాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ ఉందని తేలి టెల్మిసార్టన్ రాస్తారు. బీపీకి అది సరైన మందే, కానీ అదీ లిథియాన్ని పెంచగలదు. ఇలాంటప్పుడు బీపీకి వేరే మందు చూడాలి, లేదా రక్తంలో లిథియం స్థాయి వెంటనే చూసి మోతాదు తగ్గించాలి. సైకియాట్రిస్ట్ తప్పు చేయలేదు, పీహెచ్‌సీ డాక్టరూ తప్పు చేయలేదు. ఒకరి చీటీ మరొకరు చూడలేదు. రెండు సరైన వైద్యాలు కలిసి మనిషిని ఐసీయూ దాకా తీసుకెళ్తాయి.

"వాడు రాలేదు సార్, మాత్రలు రాయండి"

ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉన్న రోజు క్యూలో నిలబడేది చాలాసార్లు రోగి కాదు. తల్లో, అన్నో, భార్యో పాత చీటీ పట్టుకుని నిలబడతారు. రోగి రానంటాడు. లేదా కూలి పోతుంది. లేదా ఇద్దరికి బస్సు చార్జీలు దండగ అనుకుంటారు. డాక్టరు ముందు వంద మంది దాకా ఉంటారు. నిద్రపోతున్నాడా, మాత్రలు వేసుకుంటున్నాడా, గొడవ చేస్తున్నాడా అన్న మూడు ప్రశ్నలు, "అవే మందులు, నెల రోజులకు" అని ఒక వాక్యం. అంతే. లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్ట్ కూడా లేని దేశంలో ఇంతకంటే ఎక్కువ సమయం దొరకడం కష్టం. ఇలా మాత్రలు రాసివ్వడం వల్ల ఎంతోమందికి మందు ఆగకుండా నడుస్తోంది, దాన్ని తప్పు పట్టడానికి లేదు. అయితే రాని మనిషి బరువు చూడలేరు. బీపీ కొలవలేరు. ఆరు నెలల్లో పన్నెండు కిలోలు పెరిగాడన్న సంగతి గదిలో లేని మనిషి గురించి ఎవరికీ తెలియదు.

రోగి వచ్చినా పెద్ద తేడా ఉండదు. జనరల్ మెడిసిన్ ఓపీలో బీపీ చూడకుండా లోపలికి పంపరు. సైకియాట్రీ ఓపీలో చాలా చోట్ల బరువు మిషను ఉండదు, ఉన్నా దాని దగ్గర మనిషి ఉండడు. ఇక మెడిసిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే, మానసిక మందుల పేర్లు చూడగానే, "మీ సైకియాట్రిస్ట్‌నే అడగండి" అంటారు. సైకియాట్రిస్ట్, "షుగర్‌కి ఫిజీషియన్‌కి చూపించుకోండి" అంటారు. చదువుకున్న కుటుంబం, చేతిలో డబ్బున్న కుటుంబం ఈ రెండు గదుల మధ్య తిరిగి పని చేయించుకుంటుంది. మాట సరిగా కూడదీసుకోలేని మనిషి, డెబ్బై ఏళ్ల తల్లి తప్ప దిక్కులేని మనిషి మధ్యలోనే ఆగిపోతారు.

బెంగళూరు నిమ్హాన్స్, ఢాకా, రావల్పిండిల్లోని మానసిక వైద్య సంస్థలు కలిసి దక్షిణాసియాలో చేసిన ఒక పెద్ద సర్వేలో, ఆసుపత్రికి వస్తున్న రోగులకే తెలియని బీపీ, షుగర్ గణనీయంగా బయటపడ్డాయి. వాళ్లంతా వైద్య వ్యవస్థ కళ్లముందు ఉన్నవాళ్లే.

ఛాతీ నొప్పి చెబితే టెన్షన్ అంటే

మానసిక వ్యాధి ఉందని కేస్ షీటులో ఒకసారి పడితే, ఆ తర్వాత ఏ బాధ చెప్పినా దాని ఖాతాలోకే వెళ్తుంది. ఆయాసమంటే టెన్షన్, కడుపు నొప్పి అంటే భ్రమ, నీరసమంటే మందుల మత్తు. కొత్త రోగం పాత రోగం నీడలో కనబడకుండా పోతుంది. ఇది ఒకరిద్దరు డాక్టర్ల నిర్లక్ష్యంగా కొట్టిపారేసేది కాదు, లెక్కల్లో స్పష్టంగా కనిపించే విషయం. అమెరికాలో గుండెపోటుతో చేరిన లక్షకు పైగా వృద్ధుల రికార్డులు చూసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, మానసిక వ్యాధి ఉన్నవారికి యాంజియోప్లాస్టీ, బైపాస్ వంటివి తక్కువగా చేశారని తేలింది. స్కిజోఫ్రీనియా ఉన్నవారి విషయంలో తేడా మరీ ఎక్కువ. వైద్యం ఉచితంగా దొరికే కెనడాలోని నోవా స్కోషియా రాష్ట్రంలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. కాబట్టి దీన్ని డబ్బు సమస్యగా మాత్రమే చూడలేం. పశ్చిమ ఆస్ట్రేలియా రికార్డుల్లో మానసిక వ్యాధి ఉన్నవారికి క్యాన్సర్ రావడం మిగతావాళ్లంతే ఉంది, దానితో చనిపోవడం మాత్రం ఎక్కువగా ఉంది. ఆలస్యంగా కనిపెట్టడం, పూర్తి చికిత్స అందకపోవడం దీనికి ముఖ్య కారణాలు.

స్కిజోఫ్రీనియాలో నొప్పి తెలియడం, తెలిసినా చెప్పగలగడం తగ్గుతాయి. నొప్పి చెప్పని గుండెపోటు, నొప్పి చెప్పని అపెండిసైటిస్ వీళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి బాధ చెప్పినప్పుడు ఇంకా ఎక్కువ శ్రద్ధగా వినాలి. జరుగుతున్నది దానికి తిరగబడి ఉంది.

పొగాకు గురించి ఒక మాట. బీడీ, సిగరెట్, ఖైనీ అలవాటు ఈ రోగుల్లో ఎక్కువ. "వాడికున్న సుఖం అదొక్కటే" అని ఇంట్లోవాళ్లూ, వార్డులోవాళ్లూ వదిలేస్తారు. మానించడం సాధ్యమేనని, అందుకు వాడే మందులు వీళ్లకూ పనిచేస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. అయితే పొగలోని రసాయనాలు క్లోజపిన్, ఓలాంజపిన్‌లను కాలేయం త్వరగా ఖర్చు చేసేలా చేస్తాయి. పొగ మానగానే రక్తంలో మందు స్థాయి పెరుగుతుంది. కాబట్టి మానాలనుకున్నవారు మందు రాసే డాక్టరుకు ముందే చెప్పాలి, మోతాదు సరిచేయించుకోవాలి. ఇక్కడా మళ్లీ అదే చిక్కు: పొగ మాన్పించే క్లినిక్ ఒకటి, మందు రాసే ఓపీ ఇంకొకటి.

హెచ్చరిక చాలలేదు, లెక్క అడిగితే కదలిక వచ్చింది

ఈ సమస్యను చాలా ముందే గుర్తించిన దేశాల అనుభవం రెండు దారులను చూపిస్తుంది.

అమెరికాది హెచ్చరికల దారి. 2003లో ఔషధ నియంత్రణ సంస్థ కొత్త తరం మందుల లేబుళ్ల మీద షుగర్ ముప్పు గురించి రాయించింది. 2004లో అక్కడి డయాబెటిస్ సంఘం, సైకియాట్రీ సంఘం కలిసి ఏ పరీక్ష ఎప్పుడు చేయాలో పట్టిక ఇచ్చాయి: బరువు మొదట్లో, ఆ తర్వాత 4, 8, 12 వారాలకు, అటుపై మూడు నెలలకోసారి. బీపీ, షుగర్ మొదట్లో, 12 వారాలకు, తర్వాత ఏటా. పట్టిక చక్కగా ఉంది. ఆ తర్వాత పేదలకు ప్రభుత్వం ఇచ్చే బీమా రికార్డులను మూడు రాష్ట్రాల్లో పరిశీలిస్తే, కొత్తగా మందు మొదలుపెట్టినవారిలో షుగర్ పరీక్ష జరిగింది సుమారు నాలుగో వంతు మందికే. హెచ్చరికకు ముందుకీ తర్వాతకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. డాక్టరుకు తెలియడం ఒకటి, ఓపీలో జరగడం ఇంకొకటి.

బ్రిటన్ లెక్క అడిగింది. 2004 నుంచి ఫ్యామిలీ డాక్టర్ల ఆదాయంలో కొంత భాగాన్ని పనితీరుకు ముడిపెట్టారు. స్కిజోఫ్రీనియా, బైపోలార్, ఇతర సైకోసిస్‌లు (వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితులు) ఉన్నవారి జాబితా ప్రతి డాక్టరూ పెట్టుకోవాలి. ఏటా ఒకసారి బరువు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, మద్యం, పొగాకు అనే ఆరు విషయాలు చూడాలన్నది అక్కడ ఇప్పుడు స్థిరపడిన ప్రమాణం. 2014లో ఇంగ్లండ్‌లో ఈ జాబితాలోని కొన్ని అంశాలకు చెల్లింపు తీసేశారు. చెల్లింపు పోయిన సూచికల్లో నమోదు పడిపోయిందని తర్వాతి పరిశోధనలు చూపాయి. 2021లో బరువు, షుగర్, కొలెస్ట్రాల్‌లను తిరిగి చేర్చారు. 2023-24 నాటికి ఏటా 3,90,000 మందికి ఆరు పరీక్షలూ పూర్తిచేయాలని జాతీయ లక్ష్యం పెట్టుకున్నారు. కోవిడ్ కాలంలో అంకెలు బాగా పడిపోయి, తర్వాత కోలుకున్నాయి.

బ్రిటన్ దారిలోనూ లోటు ఉంది. పరీక్ష చేసి గడి నింపితే డబ్బు వస్తుంది. షుగర్ 180 ఉందని రాసుకున్నాక ఏం చేశారన్నది ఆ గడి చెప్పదు. హెలెన్ లెస్టర్ అనే ఫ్యామిలీ డాక్టరు, పరిశోధకురాలు దీన్నే పట్టుకున్నారు. ఆమె పేరు మీద అక్కడి సైకియాట్రిస్టుల రాయల్ కాలేజీ ప్రచురించిన ఒక పేజీ పట్టిక సారాంశం, పరీక్షతో ఆగకండి, వైద్యం మొదలుపెట్టండి అని. ఏ అంకె దాటితే ఏం చేయాలో అందులో రంగులు వేసి చూపించారు.

ఏ వైద్యం పనిచేస్తుందన్న దాంట్లోనూ తేలికైన జవాబు లేదు. నెలకో, వారానికో ఒకసారి సలహా ఇచ్చి ఊరుకుంటే బరువు తగ్గదు. 400 మందికి పైగా రోగులతో డెన్మార్క్‌లో, బ్రిటన్‌లో చేసిన రెండు పెద్ద ప్రయోగాలు నిరాశనే మిగిల్చాయి. అమెరికాలో రోగులు రోజూ వచ్చే పునరావాస కేంద్రంలోనే 18 నెలల పాటు కలిసి వ్యాయామం చేయించి, తిండి అలవాట్లు దిద్దితే సగటున 3.2 కిలోల తేడా వచ్చింది. సిడ్నీలోని బోండై ప్రాంతంలో మొదటిసారి సైకోసిస్ వచ్చిన యువతకు మందు మొదలైన రోజుల్లోనే నర్సు, డైటీషియన్, వ్యాయామ నిపుణుడిని తోడిచ్చారు. 12 వారాల్లో వాళ్లు సగటున 1.8 కిలోలు పెరిగితే, మామూలు వైద్యం పొందినవాళ్లు 7.8 కిలోలు పెరిగారు. చిన్న అధ్యయనమే, కానీ పెరిగాక తగ్గించడం కంటే పెరగకుండా చూడటం సులువన్న విషయం దానిలో స్పష్టంగా కనిపిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో రెండు గదులు, ఒకే గోడ

ఇక్కడ తీవ్ర మానసిక వ్యాధుల వైద్యానికి పేరున్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ఉన్నాయి. ప్రత్యేక మానసిక ఆసుపత్రిగా ఉండటం వల్ల మనసు వైద్యం ఒకచోట కేంద్రీకృతమైంది. గుండెకో, కిడ్నీకో తేడా చేస్తే మాత్రం రోగిని ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ పక్కన ఉండి చూసుకునే అటెండెంట్ లేకపోతే చేర్చుకోవడమే గగనం. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఈ దూరాన్ని తగ్గించడానికి పుట్టింది. తెలుగువాళ్లు బాగా ఉన్న పొరుగు జిల్లా బళ్లారిలో 1980లలో నిమ్హాన్స్ చేసిన ప్రయోగమే దానికి నమూనా. 1996లో కొద్ది జిల్లాల్లో మొదలై, తర్వాత దేశమంతటా విస్తరించింది. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీలు నడవడం దాని ఫలితమే.

అదే ఆసుపత్రుల్లో బీపీ, షుగర్ వంటి జబ్బుల కోసం ఎన్‌సీడీ క్లినిక్ కూడా ఉంటుంది. చాలాచోట్ల ఒకే ఆవరణ. బీపీ మిషను, గ్లూకోమీటరు, నర్సు, షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు ఉచితంగా అక్కడ ఉన్నాయి. రెండు కార్యక్రమాలకు నిధులు, రిజిస్టర్లు, నివేదికలు, పై అధికారులు మాత్రం వేరు. మానసిక ఓపీకి వచ్చిన ప్రతి మనిషినీ ముందు ఎన్‌సీడీ గది మీదుగా పంపితే అదనంగా కావలసింది ఒక ఆదేశం, చీటీ మీద నాలుగు గడులు. ఇంతకంటే తక్కువ ఖర్చుతో అయ్యే మార్పు ఆరోగ్య శాఖలో అరుదు. రోగి బదులు ఇంట్లోవాళ్లు వచ్చే పద్ధతి కొనసాగినా, మూడు నెలలకోసారి రోగిని తప్పనిసరిగా తీసుకురావాలని, లేదా ఆ మధ్యలో ఇంటికి వచ్చే ఏఎన్ఎం చేత బరువు, బీపీ రాయించుకురావాలని అడగవచ్చు.

చట్టం ఇప్పటికే ఈ వైపు ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. మానసిక వ్యాధి ఉన్నవారికి అన్ని రకాల వైద్యంలోనూ శారీరక వ్యాధి ఉన్నవారితో సమానంగా చూడాలని దాని 21వ సెక్షన్ చెబుతోంది. అత్యవసర వైద్యం, అంబులెన్స్ కూడా అదే నాణ్యతతో అందాలి. ఆరోగ్య బీమా కూడా అదే ప్రాతిపదికన ఉండాలని బీమా సంస్థలను ఆదేశించింది. ఈ చట్టం గురించిన చర్చంతా నిర్బంధం, షాక్ ట్రీట్‌మెంట్, ఆత్మహత్యాయత్నం నేరం కాకపోవడం చుట్టూ తిరిగింది. గుండెపోటు వచ్చిన స్కిజోఫ్రీనియా రోగికి స్టెంట్ విషయంలో సమాన హక్కు ఉందన్న సంగతి ఆ చర్చలో వెనక్కి పోయింది.

సమస్య ఎంతుందో కొలిచే పనీ మిగిలే ఉంది. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. ఆ సర్వే ప్రకారం తీవ్ర మానసిక వ్యాధి ప్రస్తుతం ఉన్నవారు పెద్దవారిలో సుమారు 0.8 శాతం. శాతం చిన్నదిగా కనిపించినా, రెండు తెలుగు రాష్ట్రాల జనాభాకు అన్వయిస్తే లక్షల్లోకి వెళ్తుంది.

ముప్పై ఏళ్ల హద్దు

బీపీ, షుగర్ కోసం జరిపే జాతీయ స్క్రీనింగ్ 30 ఏళ్లు దాటినవారి కోసం రూపొందింది. మిగతా జనానికి ఆ వయసు సబబే. స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఎక్కువగా మొదలయ్యేది ఇరవై ఏళ్లకు అటూ ఇటూ. ఇంటర్ చదువుతుండగా 18 ఏళ్లకు ఓలాంజపిన్ మొదలైన కుర్రాడు ఆ లెక్కన స్క్రీనింగ్ జాబితాలోకి రావడానికి 12 ఏళ్లు ఆగాలి. అతని బరువు పెరిగేది మొదటి ఏడాదిలో.

ఓలాంజపిన్, క్లోజపిన్ వంటివి మొదలుపెట్టేటప్పుడే, బరువు పెరిగే దాకా ఆగకుండా, మెట్‌ఫార్మిన్ కలపడాన్ని ఆలోచించాలని 2024లో అంతర్జాతీయ నిపుణుల మార్గదర్శకం ఒకటి సూచించింది. కిడ్నీ పనితీరు చూసుకుని, కడుపులో వికారం వంటివి రాకుండా మోతాదు మెల్లగా పెంచాలి. షుగర్ లేని కుర్రాడికి షుగర్ మాత్ర ఎందుకని ఇంట్లోవాళ్లు భయపడతారు కాబట్టి, దాన్ని బరువు కోసం ఇస్తున్నామని విడమరిచి చెప్పాలి. వీలున్నచోట బరువు అంతగా పెంచని ఏరిపిప్రజోల్ వంటి మందుతో మొదలుపెట్టడం ఇంకో దారి. అది అందరికీ పనిచేయదు. తీవ్రంగా ఉన్న దశలో డాక్టర్లు ఓలాంజపిన్ వైపు మొగ్గడానికి కారణాలు ఉంటాయి.

ఈ వ్యాధులున్నవారికి స్క్రీనింగ్‌లో వయసు హద్దు తీసేసి, యాంటీసైకోటిక్ మందు మొదలైన రోజే పేరు ఎన్‌సీడీ జాబితాలోకి ఎక్కించాలి. ఆ రోజే బరువు, నడుము కొలత, బీపీ, షుగర్, కొవ్వులు రాసిపెట్టుకోవాలి. మొదటి మూడు నెలలు నెల నెలా బరువు చూడాలి. తొలి నెలలోనే 5 శాతం పెరిగితే, అంటే 60 కిలోల మనిషి 63 అయితే, మందు మార్చాలా, మెట్‌ఫార్మిన్ కలపాలా అన్న నిర్ణయం ఆ నెలలోనే జరగాలి. ఆ కొలతలన్నీ కుటుంబం దగ్గర ఉండే పుస్తకంలో ఉంటే, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లినా, పీహెచ్‌సీకి వెళ్లినా, అర్ధరాత్రి క్యాజువాలిటీకి వెళ్లినా, వాడుతున్న మందులు, పాత అంకెలు అక్కడి డాక్టరు ముందు ఉంటాయి.